మోయునదియు, అణచునదియు – ఒక అమెరికా మోటారుబండి వెనుక షాకుల కథ



శబ్దమంజరిని, అమరమును వల్లించి, ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రమించిన నావంటివాడు మోటారుబండి వెనుక చక్రముల కడ నుండు పనిముట్టును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగనే యుండెను. కాని యే పనిముట్టు వెనుక నైనను కొందఱి బుద్ధియు, కొందఱి తొందరపాటును దాగియుండును. వానిని వెలికి దీసి చెప్పుటయు చరిత్రయే కదా! రాజుల చరిత్రను మీరు పెక్కుమాఱులు వినియున్నారు. నేడు ఒక ఇనుపగొట్టము చరిత్రను వినుడు.

2023వ సంవత్సరము జూలై మాసమున నేను అమెరికా దేశమందలి మిషిగన్ రాష్ట్రములో మా కుమారుని యింట నుంటిని. మోటారు కర్మాగారములకు పేరొందిన ఆ ప్రాంతమున మన తెలుగువారు పెక్కురు కాపురముండి, ఆ పరిశ్రమకు సంబంధించిన ఉద్యోగములు చేయుచున్నారు. మావాడును అట్టివాడే. వాని యింటికి మూడవ యింట డెబ్బదియాఱేండ్ల వృద్ధుడొకడు కలడు. ఆయన యౌవనమున పోన్టియాక్ అను పట్టణమున మోటారు కర్మాగారములో పనిచేసినవాడు. ఆ పట్టణమునకు ఆ పేరు వచ్చుట కొక కారణము కలదు. 1763వ సంవత్సరమున ఆంగ్లేయులపై తిరుగబడిన అచటి ఆదివాసుల నాయకుని పేరు పోన్టియాక్. నాయకుని పేరు పట్టణమునకును, పట్టణపు పేరు మోటారుబండికిని వచ్చినవి.

ఆ వృద్ధుని కొట్టమున 1967వ సంవత్సరపు పోన్టియాక్ జీ.టీ.ఓ. అను బండి యున్నది. అట్టివానిని అమెరికనులు మజిల్ కార్లు అందురు. అనగా కండలు దిరిగిన బండ్లని యర్థము. ఆయన దానిని 1969లో, తన యిరువదిరెండవ యేట, కొనెనట. కొన్న కొన్నాళ్లకే దాని వెనుకభాగము ఎత్తుగా నిలుచునట్లు తన చేతులతో గాలి షాకులను అమర్చెను. నేను చూచునప్పటికి ఆ బండి ఆంబోతువలె తల వంచి, వెనుకభాగము నెత్తి నిలుచునదే కాని, ఆ నిలుచుట ఉదయము మాత్రమే. సాయంకాలమునకు క్రుంగి పోవుచుండెను. ఆయన ప్రతిదినము తెల్లవాఱగనే గాలిపంపు తెచ్చి గాలి కొట్టుచుండెను.

ఆగస్టు నెలలో ఆ ప్రాంతమున వుడ్‌వర్డ్ అను రాజమార్గముపై పాతబండ్ల ఊరేగింపు జరుగును. 1995వ సంవత్సరమున మొదలైన ఉత్సవమది. ఆ ఊరేగింపునకు ఇద్దఱు మనుమరాండ్రను వెనుక సీటుపై కూర్చుండబెట్టుకొని పోవలెనని ఆయన కోరిక. ఒకనాటి సాయంకాలము వారిని కూర్చుండబెట్టుకొని వీథిచివఱ మలుపు తిరుగగా, వెనుకభాగము ఒక్కసారిగా క్రుంగి, టైరు రేకునకు రాసికొని పెద్దచప్పుడు చేసెను. బాలికలు కెవ్వున నరచిరి. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కాని ఆయన ముఖము పాలిపోయెను. ఆ రాత్రియే మా కుమారుని పిలిచి, "ఈ షాకులు మార్చుటకు తోడురాగలవా?" అని యడిగెను. మావాడు నన్నును వెంటగొని పోయెను.

ఆ పనిని గూర్చి చెప్పుటకు ముందు, మన మొక భేదమును గుర్తింపవలెను. బండి క్రింద నుండు సాధనములకు రెండు పనులు కలవు. ఒకటి బరువు మోయుట. రెండవది ఊపును అణచుట. మోయునది వేఱు, అణచునది వేఱు. ఈ భేదమును మఱచుటయే నేను చెప్పబోవు కథకు మూలము.

మీలో పెద్దవారు జట్కాబండి నెక్కియుందురు. రెండెడ్లబండికి ఇరుసు మీదనే పలక. ఱాతిపై చక్ర మెక్కిన యెడల మన వెన్నెముక మీద నెక్కినట్లే. జట్కాకట్లు కాదు. దాని యిరుసునకును పెట్టెకును నడుమ ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన కమాను కట్టలుండును. కమాను అనునది పారసీక శబ్దము. దానికి విల్లని యర్థము. వింటివలె వంగి, మఱల నిక్కి, ఆ కట్ట బరువు మోయును. 1804వ సంవత్సరమున లండను నగరమున ఒబదయ్య ఇలియట్ అను బండ్లు చేయువాడు, రెండు విండ్లను ఎదురెదురుగా జేర్చినట్టి కమానునకు ప్రత్యేకాధికారపత్రమును బడసెను. అంతకుముందు సంపన్నుల బండ్లు తోలుపట్టాలపై వ్రేలాడుచు, బరువైన దూలమొకటి యడుగున మోయుచు నడిచెడివి. ఇలియటు కమానులతో ఆ దూలము అవసరము తప్పినది, బండి తేలికయైనది.

పిమ్మట గాలి వచ్చినది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండువాడు గాలి నింపిన టైరును కల్పించెనుగాని, ఆనాడు దానిని వాడువారు లేకపోయిరి. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ దానిని మఱల కనుగొని సైకిళ్లకు తొడిగెను. 1895లో ఫ్రెంచి సోదరులైన మిషెలిన్‌లు పారిసునుండి బోర్డోకు పోయి తిరిగివచ్చు పందెమున మోటారుబండిని గాలి టైర్లపై నడిపిరి. దారిలో టైర్లు ఎన్నోమాఱులు పగిలినవి, పందెము గెలువలేదు. అయినను గాలి మోటారును మోయగలదని లోకమునకు తెలిసెను.

మోయుటకు ఉక్కుయు, గాలియు కుదిరిన తరువాత, వాని దోష మొకటి బయటపడెను. విల్లు వంగిన తరువాత ఒక్కసారితో నిలువదు. ఉయ్యాలవలె పైకి, క్రిందికి ఊగుచునే యుండును. జట్కాకు గుఱ్ఱపు నడకయే వేగము గనుక అది సహింపదగియుండెను. మోటారు వేగమునకు అది ప్రాణాపాయము. చక్రము నేల విడిచి యెగిరినచో చోదకుని చేతిలో బండి యుండదు. ఆ యూపు నణచుట కేర్పడినదే షాక్ అబ్సార్బరు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఫ్రాన్సులో ట్రఫోల్ట్ అనువాడు బిళ్లల రాపిడిచే ఊపు నణచు సాధనమును చేయగా, హార్ట్‌ఫర్డ్ అనువాడు దానిని అమెరికాకు తెచ్చెను. ఫ్రెంచివాడే యైన మోరిస్ హూడాయ్ రాపిడికి మాఱుగా నూనెను వాడెను. ఆయన పేరిటి సాధనములు 1928 మొదలు ఫోర్డు కంపెనీ వారి మోడల్-ఏ బండ్లకు అమర్పబడెను. మిషిగన్‌లోని మన్రో పట్టణమున 1916లో టైర్లకు గాలి కొట్టు పంపులను చేయుటకు వెలసిన కర్మాగారము పదియేండ్లకు షాకులు చేయుటకు దిగి, ఆ వ్యాపారమందే పేరు గాంచెను.

నేడు మీ మోటారుసైకిలునకున్న షాకును చూచినచో దాని మర్మము తెలియును. గొట్టములో నూనె, నూనెలో చిన్న రంధ్రములు గల బిళ్ల, బిళ్లకు కడ్డీ. కడ్డీ కదలినప్పుడు నూనె ఆ సన్నని రంధ్రములగుండా దూఱి పోవలెను. అది త్వరపడనీయదు. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మాఱి పోవును. మోటారుసైకిలున చుట్టుస్ప్రింగు షాకునకు తొడుగబడి యుండుటచే రెండును ఒకటే యని భ్రమపడుదుము. కాని మోయునది స్ప్రింగు. అణచునది లోపలి గొట్టము. స్ప్రింగు లేని యుత్త గొట్టమును నిలువుగా నుంచి దానిపై చేయి వేసి యొత్తుడు. మెల్లమెల్లగా అది క్రిందికే పోవును. బరువును అది నిలుపజాలదు.

ఇక గాలి కథకు మఱల వత్తము. గాలికొక గొప్ప గుణము కలదు. 1662వ సంవత్సరమున బాయిల్ అను శాస్త్రజ్ఞుడు, మూసియున్న గాలి వేడి మాఱకున్నంతవఱకు, దాని స్థలమును సగము చేసినచో ఒత్తిడి రెట్టింపగునని ప్రకటించెను. ఒత్తినకొలది గట్టిపడు స్ప్రింగు గాలి. పైగా ఎక్కువ గాలి కొట్టినచో ఎక్కువ బరువు మోయును, తీసివేసినచో మెత్తబడును. ఉక్కున కీ వీలు లేదు. ఈ గుణమునకు ముగ్ధులై జనరల్ మోటార్సు వారు 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూహమ్ అను బండికి ఉక్కు స్ప్రింగులను మానివేసి నాలుగు ప్రక్కల గాలితిత్తులను పెట్టిరి. ఆ బండి వెల 13,000 డాలర్లకు పైమాట. మఱుసటి యేట తమ ఇతర బండ్లకును, అదనపు వెలకు, ఆ తిత్తులను అమ్మజూపిరి. కమ్మరి కొలిమితిత్తిని మీ రెఱుగుదురు. తోలు చిల్లిపడినచో కొలిమి ఆఱును. ఇక్కడను అదియే యయ్యెను. గాలి కారెను, చలికాలమున గొట్టములలో తేమ గడ్డకట్టెను, ఉదయమున యజమాని వచ్చునప్పటికి బండి నేలకు క్రుంగియుండెను. పెక్కురు ఆ తిత్తులను ఊడబెఱికి ఉక్కు స్ప్రింగులనే వేయించుకొనిరి. రెండు మూడేండ్లలోనే ఆ కంపెనీవారు తమ కార్లకు దానిని మానివేసిరి. బస్సులలో మాత్రము గాలితిత్తి నిలిచినది. నేడు మన దూరప్రయాణపు బస్సులు కొన్నింటిలో మీరు మెత్తగా ప్రయాణించుట దాని చలవయే.

ఇట్లు గాలి కార్లనుండి వెడలగొట్టబడిన కొలది యేండ్లకే కండలబండ్ల యుగము పుట్టెను. దాని పుట్టుక చమత్కారమైనది. మధ్యమపరిమాణము గల బండికి 330 ఘనపుటంగుళములను మించిన యింజను పెట్టరాదని జనరల్ మోటార్సు వారి కట్టడి. పోన్టియాక్ శాఖలో డిలోరియన్ మొదలగు ఇంజనీరులు 1964వ సంవత్సరపు టెంపెస్ట్ అను సాధారణపు బండిలో 389 ఘనపుటంగుళముల యింజనును ఇమిడ్చిరి. క్రొత్తబండి యనినచో పైవారి యనుమతి కావలెను. కావున దానిని బండి యనక, సుమారు 296 డాలర్ల యదనపు సామగ్రి యని పట్టికలో చేర్చిరి. జీ.టీ.ఓ. అను పేరు ఇటలీలోని ఫెరారి వారిది. దానినే ఎరువు తెచ్చుకొనిరి. 5,000 బండ్లు అమ్ముడుపోవుటయే కష్టమని పెద్దలు తలచిరి. ఆ యేట 32,450 అమ్ముడుపోయెను. మన వృద్ధుని బండి పుట్టిన 1967లో 81,722 అమ్ముడుపోయినవి. అప్పటికి యింజను 400 ఘనపుటంగుళములు. సాధారణముగా 335 గుఱ్ఱముల బలము. ఇతర కంపెనీలును ఈ పందెమున దిగినవి.

ఆ యుగము పదియేండ్లకు మించి సాగలేదు. యువకులు నడుపు బలమైన బండ్లకు భీమా సొమ్ము పెరిగెను. పొగను తగ్గింపవలెనని 1970లో శాసనము వచ్చెను. 1971వ సంవత్సరపు బండ్లకు జనరల్ మోటార్సు వారు ఇంజను బిగువును తగ్గించిరి. 1973లో అరబ్బుదేశములు తైలమును నిలిపివేయగా పెట్రోలు కొఱకు బారులు తీరవలసివచ్చెను. 1974తో పాత జీ.టీ.ఓ. ముగిసెను. 2004లో ఆ పేరు మఱల వచ్చినను మూడేండ్లే నిలిచినది. 2010లో పోన్టియాక్ అను వంశమే అంతరించెను.

ఇప్పుడు గాలి షాకుల మాట. 1957 నాటి గాలితిత్తి ఉక్కును తొలగించి తానే సర్వభారమును మోయజూచినది. గాలి షాకు అంతటి దర్పము లేనిది. ఇది నూనెషాకే, దాని పైభాగమునకు రబ్బరు తొడుగొకటి ఉండును. ఆ తొడుగులో గాలి కొట్టినచో అది ఉబ్బి, షాకును సాచి, వెనుకభాగమును కొంత యెత్తును. కుటుంబమంతయు సామానుతో యాత్రకు బయలుదేఱినప్పుడో, వెనుక చిన్నపడవను లాగుకొని పోవునప్పుడో, కొంచెము గాలి కొట్టి, యిల్లు చేరి తీసివేయవచ్చును. ఉక్కు స్ప్రింగు తన పని తాను చేయుచుండగా, అదనపు బరువునకు తాత్కాలికపు చేయూత యిది. ఇంతవఱకు సమంజసమే.

కాని యువకులు దీనిని వేఱొక విధమున వాడుకొనిరి. కండలబండి వెనుక వెడల్పాటి టైర్లుండిన చూపునకు గొప్ప. నేలను పట్టుటకును మేలు. వెడల్పు టైరు రేకునకు తగులకుండ వెనుకభాగమును ఎత్తవలెను. క్రొత్త స్ప్రింగులు కొనుటకంటె గాలి షాకులు చవుక, సాయంకాలములో బిగింపవచ్చును. 1970 తరువాతి యేండ్లలో అమెరికా వీథులలో వెనుకభాగము నెత్తిన బండ్లు విరివిగా కానవచ్చెను. వుడ్‌వర్డ్ మార్గమున ఒక మైలు 1909లోనే కాంక్రీటుతో వేయబడినది; నున్నని రోడ్డునకు పేరుబడిన ఆ దారిపైననే యువకులు వేగపు పందెములాడిరి. మన వృద్ధుడును వారిలో నొకడు.

ఇందులో తప్పేమని మీరడుగవచ్చును. చెప్పెదను. బండి బరువు స్ప్రింగుపై పడునట్లు చాసిస్‌లో స్ప్రింగు కూర్చుండు చోటును బలముగా నిర్మింతురు. షాకు బిగించుచోటును ఊపుయొక్క కుదుపునకు తగినంతగా మాత్రమే నిర్మింతురు. గాలి షాకును బిగువుగా గాలికొట్టి దినమెల్ల బండి నెత్తియుంచినచో, స్ప్రింగు మోయవలసిన బరువులో భాగము ఆ చిన్న బోల్టులపై పడును. అవి ఒకనాడు తెగవు, రెండవనాడు తెగవు. వందల వేల గుంతలపై కొద్దికొద్దిగా అలసిపోవును. అంతేకాదు. వెనుకభాగము లేచినకొలది బండి పొడవునను సాగిన కడ్డీకీలు కోణము మాఱి అరుగును. మలుపులలో బండి తూలును. రెండు షాకులను ఒకే గాలిగొట్టముతో కలిపినచో మలుపున బరువు పడిన ప్రక్కనుండి గాలి రెండవ ప్రక్కకు పాఱును. నిలువవలసిన చోటనే క్రుంగును. ఆ సాయంకాలము మన వృద్ధుని బండికి జరిగినది ఇదియే.

ఆదివారము ఉదయమున పని ప్రారంభమాయెను. మావాడు ముందునాటి రాత్రియే త్రుప్పుపట్టిన నట్లపై నూనె చల్లియుంచెను. ఆ దేశమున చలికాలమందు మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. అది ఇనుమును తినివేయును. బండిని జాకీతో నెత్తి, చాసిస్ క్రింద రెండు ప్రక్కల బలమైన ఉక్కుపీటలను నిలిపిరి. కేవలము జాకీని నమ్మి బండిక్రింద దూఱుట ప్రాణముతో జూదమాడుటయని మావాడు నాకు చెప్పెను. ఇరుసు క్రింద మఱియొక జాకీ నుంచిరి. దీనికి కారణము కలదు: ఆ బండికి వెనుక చుట్టుస్ప్రింగులు. ఇరుసు మఱీ క్రిందికి జాఱకుండ పట్టియుంచునది షాకే. ఇరుసునకు ఆధారము లేక షాకు నూడదీసినచో అది దిగజాఱి, బ్రేకుగొట్టము తెగవచ్చును. స్ప్రింగు ఎగిరి మీద పడవచ్చును.

పిదప గాలిని పూర్తిగా వదలి, గొట్టములను విప్పిరి. రబ్బరు తొడుగును నేను చేతితో తడవి చూచితిని. ముసలివాని మడమవలె అంతయు పగుళ్లు. సన్నని గాలిగొట్టమొకటి పొగగొట్టము వేడికి కరగి మెరయుచుండెను. క్రింద ఇరుసు కడ నొక నట్టు. పైన చాసిస్ అడ్డబద్దకు రెండు బోల్టులు. క్రింది నట్టు పానాకు లొంగినది. పై బోల్టులలో నొకటి తిరుగుటకు బదులు తాను నిలిచిన రేకుతో కూడ కదలినది. మావాడు దీపము పట్టి చూచి మాటాడక నన్ను పిలిచెను. షాకు బిగించిన చోట, అడ్డబద్దపై, జానెడు పొడవున చీలిక యుండెను. దాని యంచులు కొంత త్రుప్పు, కొంత తెలుపు. త్రుప్పు పాతపగులు, తెలుపు మొన్నటిది.

ఆ వృద్ధుడు నేలపై కూర్చుండి దానిని చాలసేపు చూచెను. తుదకు ఇట్లనెను: "ఇది ప్రతి ఉదయము నాకు చెప్పుచునే యున్నది. గాలి కారుచున్నదనుకొంటిని. నేను గాలి కొట్టిన కొలది దానినే చీల్చుచుంటిని." పిదప స్ప్రింగుల ఎత్తును కొలిచి చూడగా, యేండ్ల తరబడి అవి క్రుంగిపోయి యుండెను. మోయవలసినవి మోయుట మానినవి. ఆ సంగతి గాలిచే కప్పబడినది.

శ్రోతలారా, ఆ చీలికను చూచినప్పుడు నాకు నా పాఠశాల జ్ఞప్తికి వచ్చెను. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున మా కడ చిన్నవాడైన ఉపాధ్యాయు డొకడుండెను. శాంతస్వభావుడు. పిల్లల కలహములను, తల్లిదండ్రుల కోపములను, తోటివారి మనస్పర్థలను మెత్తని మాటతో నణచుట అతని నేర్పు. రెండు ఉద్యోగములు ఖాళీ పడగా, మనుష్యులను పంపుడని పైవారి వెంటబడి యడుగవలసినవాడను నేను. అది కష్టమని తోచి, ఆ లెక్కలు, ఆ తరగతులు, ఆ పరీక్షలు అన్నియు అతని మీద పెట్టితిని. ప్రతిదినము ఉదయమున "నీవున్నావు గనుక బడి నిలిచినది, నాయనా" అని భుజము తట్టెడివాడను. అదియే నేను కొట్టిన గాలి. రెండేండ్లకు అతడు జబ్బుపడి ఉద్యోగము విడిచి పోయెను. అతడు పోయిన పిమ్మటగాని బడిలో కలహములు ఇన్ని కలవని నాకు తెలియలేదు. ఆనాడు అతడు బలహీనుడనుకొంటిని. తప్పు నాదని, ఆ ఇనుప అడ్డబద్ద నాకు చెప్పెను.

పని యెట్లు ముగిసెనో చెప్పి నా ప్రసంగమును ముగించెదను. క్రొత్త షాకులు తెచ్చియుంచినను ఆనాడు బిగింపలేదు. చీలినచోటిని నేర్పరియైన వెల్డింగుపనివానిచే అతికించి, పైన బలమైన రేకు వేయించిరి. ఇరుసును మెల్లగా దింపి పాతస్ప్రింగులను చేతితోనే తీసి, బండి పుట్టిననాటి కొలతగల క్రొత్త స్ప్రింగులను కూర్చిరి. ఆ పిమ్మట షాకుల వంతు. ఉత్త నూనెషాకులు చాలునని మావాడు చెప్పెను. వృద్ధునికి మనసొప్పలేదు. అందుచే క్రొత్త గాలి షాకులనే బిగించిరి గాని, రెండు నియమములతో. ఒకటి, రెండింటికి వేఱువేఱు గొట్టములు, పొగగొట్టమునకు దూరముగా. రెండు, చదరపుటంగుళమునకు సుమారు 20 మొదలు 25 పౌనుల గాలి మాత్రమే. అది కూడ తొడుగు మడతపడి నలుగకుండుటకే. బరువున్ననాడు కొంచెము హెచ్చింపవచ్చును, దిగిననాడు తగ్గింపవలెను. తయారుచేసినవారు అచ్చువేసిన హద్దును దాటరాదు. గాలి కొట్టి, కీలుకీలునకు సబ్బునీరు రాచిరి. ఒకచోట చిన్నబుడగ లేచెను. గొట్టపు కొన వంకరగా కోయబడినదట. తిన్నగా కోసి మఱల బిగించిరి. మఱునాటి ఉదయము నేను పోయి చూచితిని; బండి ముందునాటి ఎత్తుననే నిలిచియుండెను.

కాని ఆ యెత్తు పాత యెత్తు కాదు. వెనుకభాగము రెండంగుళములు దిగినది. వెడల్పు టైర్లు రేకునకు తగులును గనుక వానిని తీసి సన్ననివి వేయవలసివచ్చెను. ఆయన ఆ పెద్దటైర్లను గోడకు చేరవేసి, వానివైపు చూచుచు, "నా యిరువదిరెండేండ్లు అక్కడ ఉన్నవి" అని నవ్వెను. ఆ నవ్వులో నవ్వు తక్కువ. మావాడు ఏమి చెప్పుటకును తోచక పానాలు తుడుచుచు నిలిచెను.

ఆగస్టు మాసమున ఊరేగింపునాడు నేనును వుడ్‌వర్డ్ మార్గము ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిని. బండ్లు బారులు తీరి మెల్లగా నడచుచుండెను. ఎన్నో బండ్లు వెనుకభాగము నెత్తి గర్జించుచు పోయినవి. ఆయన బండి నేలకు సమముగా, పెద్దింటి యెద్దువలె నడచివచ్చెను. వెనుకసీటున ఇద్దఱు బాలికలు కిటికీనుండి చేతులూపుచుండిరి. రోడ్డు అతుకుపై చక్ర మెక్కినప్పుడు బండి ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగి, నిలిచినది. రెండవ యూపు లేదు.

ఊరికి తిరిగివచ్చిన తరువాత ఆ చిన్న ఉపాధ్యాయుని చిరునామా వెదకి ఉత్తరము వ్రాసితిని. ఈ కథయంతయు అందు వ్రాయలేదు. క్షమింపుమని మాత్రము వ్రాసితిని. పదునైదు దినములకు జవాబు వచ్చినది. ఆరోగ్యము కుదుటపడినదనియు, ఊరిలో పిల్లలకు సాయంకాలము చదువు చెప్పుచున్నాననియు, ఒకమాఱు వచ్చి చూడుమనియు వ్రాసెను. వచ్చు దశమికి పోవలెనని యున్నాను.

మీ యిండ్లలోను, మీ యూళ్లలోను, తగవులను మెత్తగా నణచువారు ఒకరిద్దఱుందురు. వారి మీద ఎవరి బరువు పడియున్నదో ఒక్కమాఱు దీపము పట్టి చూడుడు. సెలవు.